దత్తత జరిగిన తరువాత

(శతవార్షికోత్సవముల సందర్భమున కుటుంబ జీవిత సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



కుటుంబ జీవితము అనగానే వివాహము, పిల్లల పెంపకము, వృద్ధాప్యము, వీటిని గురించి ఎన్నో ప్రసంగములు విన్నాము. ఈ దినము మేము చెప్పబోవు విషయము మన సదస్సులలో సాధారణముగా రాదు. బిడ్డను దత్తత తీసికొన్న ఇంటికి ఆ తరువాత ఎవరు తోడుంటారు? కష్టము వచ్చినప్పుడు వారు ఎక్కడికి పోవలెను? దత్తత ఎట్లు తీసికొనవలెనో చెప్పువారు నేడు చాలామంది ఉన్నారు. ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ, దానిని కారా అంటారు, దాని వద్ద పేరు నమోదు చేసికొని, సంవత్సరముల తరబడి వరుసలో వేచి, చివరకు బిడ్డను ఇంటికి తెచ్చుకొన్న దంపతులు మన సంఘములలోను ఉన్నారు. బిడ్డ వచ్చిన దినమున అందరము వెళ్ళి చూస్తాము. పండ్లు ఇచ్చి, ప్రార్థన చేసి, కాఫీ త్రాగి వస్తాము. ఇక వారికి ఏ కొరతా లేదని మనము అనుకొంటాము. ఆ ఇంటివారికి మాత్రము అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చెప్పెదము. మేము పనిచేసిన ఒక పాస్టరేటులో ఒక ఉపాధ్యాయ దంపతులు నాలుగేండ్ల పాపను తెచ్చుకొన్నారు. పాప చురుకైనది, ఎవరు పిలిచినా ఒడిలోకి పోయి కూర్చుండును. "ఎంత కలుపుగోలు పిల్లో" అని అందరు మెచ్చుకొన్నారు. నెల తిరుగకుండానే ఆ తల్లి మా ఇంటికి వచ్చి, పాస్టరమ్మగారి దగ్గర కూర్చుండి ఏడ్చినది. రాత్రి పాప దిండు క్రింద ఇడ్లీ ముక్కలు, పుస్తకముల సంచిలో అన్నపు ముద్ద దొరుకుచున్నవట. అత్తగారు "ఇది దొంగబుద్ధి, ఎక్కడి రక్తమో" అన్నదట. "అమ్మగారూ, మేము కడుపునిండ పెట్టుట లేదని అనుకొంటున్నదేమోనండీ" అని ఆమె బాధ.

బిడ్డను అప్పగించిన శిశుగృహలోని సోషల్ వర్కరును అడుగుమని చెప్పి పంపాము. అక్కడ వారు చెప్పినది చాల చిన్న మాట. అనేకమంది పిల్లల మధ్య పెరిగిన బిడ్డకు అన్నము గంట కొట్టినప్పుడు వచ్చును, గంట దాటితే రాదు. దాచుకొనుట దొంగతనము కాదు, ఆ బిడ్డ నేర్చుకొన్న జాగ్రత్త. తిట్టవద్దు, వెదకి తీసివేయవద్దు, పాపకు అందునట్లుగా ఒక డబ్బాలో బిస్కట్లు, వేరుశనగలు పెట్టి, "ఇది నీదే, ఎప్పుడైనా తీసికొనవచ్చును" అని చెప్పుమన్నారు. కొన్ని నెలలకు ఆ డబ్బాను పాప మరచిపోయినది. ఎవరు పిలిచినా ఒడిలోకి పోవుట కూడ కలుపుగోలుతనము కాదట. తనవారెవరో ఇంకా తేలని బిడ్డ అందరి దగ్గరకు పోవునట. ఒక సంవత్సరము గడచిన తరువాత, క్రొత్తవారిని చూచి పాప తల్లి చీర చెంగు పట్టుకొన్నప్పుడు, ఆ తల్లి సంతోషముతో ఆ సంగతి మాకు చెప్పినది.

సహాయము అనగా పెద్ద ఆసుపత్రి, పెద్ద ఖర్చు అని మనవారు భయపడుదురు. చాలమార్లు అది తెలిసినవారు సమయమునకు చెప్పు ఒక మాట మాత్రమే. ఆ మాట ఎవరి దగ్గర ఉన్నదో తెలియకపోవుటయే కష్టము.

ప్రభుత్వ నిబంధనలలో ఈ సహాయమునకు చోటు ఉన్నది. 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారము, బిడ్డ ఇంటికి వచ్చిన నాటినుండి రెండు సంవత్సరములపాటు, ఆరు నెలలకొకసారి, దత్తత సంస్థవారో జిల్లా బాలల పరిరక్షణ విభాగమువారో బిడ్డ క్షేమమును విచారించి నివేదిక వ్రాయవలెను. బిడ్డకు, తలిదండ్రులకు సర్దుబాటు కుదరనప్పుడు కౌన్సెలింగు ఏర్పాటు చేయుట, లేదా అది దొరుకు చోటికి పంపుట కూడ వారి బాధ్యతయే. మనవారికి ఇది తెలియదు. సోషల్ వర్కరు వచ్చుచున్నదనగానే తనిఖీకి వచ్చిన స్కూలు ఇన్‌స్పెక్టరును చూచినట్లు చూస్తారు. ఇల్లు కడిగి, బిడ్డకు క్రొత్త గౌను తొడిగి, "అంతా బాగున్నదండీ" అని చెప్పి పంపివేస్తారు. బిడ్డను తిరిగి తీసికొనిపోవుదురేమో అన్న భయము. ఉన్న కష్టమును ఆమెతో చెప్పుకొంటే బిడ్డను తీసికొనిపోరు. చెప్పుకొనకపోతే ఆ నాలుగు రాకలును వట్టి కాగితముల పనిగా ముగియును.

ఇంకొక చిక్కు ఉన్నది. రెండు సంవత్సరములలో నాలుగు నివేదికలు పూర్తి కాగానే తప్పనిసరి రాకపోకలు ఆగిపోవును. పాలబుగ్గల పసివానిని తెచ్చుకొన్నవారికి అప్పటికి అసలు ప్రశ్నలే పుట్టి ఉండవు. "నేను నీ కడుపులో లేనా అమ్మా?" అన్న ప్రశ్న నాలుగైదేండ్లకు వచ్చును. బడిలో వంశవృక్షము గీసికొని రమ్మన్న దినమున ఒకటి వచ్చును. పదమూడు, పదునాలుగేండ్లకు, కోపములో, "నువ్వు మా అమ్మవు కావు, నాకు చెప్పకు" అన్న మాట వచ్చును. అప్పటికి ఇంటికి వచ్చి విచారించువారు ఎవరును ఉండరు. అడుగవలసినవారు మనమే, వెదుకవలసినవారు మనమే. కాబట్టి ఏది ఎక్కడ ఉన్నదో మాకు తెలిసినంత చెప్పెదము. పెన్ను ఉన్నవారు వ్రాసికొనండి.

జిల్లా కేంద్రములో స్త్రీ శిశు సంక్షేమ శాఖ క్రింద బాలల పరిరక్షణ విభాగము ఉండును. రెండేండ్లు దాటినవని వారు తలుపు మూయరు, పోయి అడుగవచ్చును. బిడ్డకు మాట ఆలస్యమైనా, నడక వెనుకబడినా, వినికిడి మీద అనుమానమున్నా, జిల్లా ఆసుపత్రిలో డి.ఇ.ఐ.సి. అను కేంద్రమును అడుగవలెను. 2013లో ప్రారంభించిన బాలల ఆరోగ్య కార్యక్రమము క్రింద పుట్టినప్పటినుండి పదునెనిమిదేండ్ల వరకు పిల్లలను అక్కడ ఉచితముగా పరీక్షింతురు. బడి ఈడు పిల్లలలో లోపమున్నవారికి మండలములలో భవిత కేంద్రములు ఉన్నవి. ఇంకను పెద్ద పరీక్షలకైతే సికింద్రాబాదు మనోవికాస్ నగరులో బుద్ధిమాంద్యమునకు జాతీయ సంస్థ ఉన్నది. 1984లో స్థాపించినది. వినికిడికి అలీ యావర్ జంగ్ సంస్థ శాఖయు అక్కడనే. మనస్సుకు సంబంధించిన చిక్కులకు హైదరాబాదు ఎఱ్ఱగడ్డ, విశాఖపట్టణము చినవాల్తేరు ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నవి. ఆ పేర్లు చెప్పగానే మనవారు నవ్వుకొంటారు. ఆ నవ్వు మానవలసిన కాలము వచ్చినది. అంత దూరము పోనక్కరలేని దశలో 14416కు ఫోను చేయవచ్చును. టెలీ మానస్ అను ఆ సేవ 2022 అక్టోబరులో ప్రారంభమైనది, తెలుగులో మాట్లాడుదురు, పేరు చెప్పుమని బలవంతపెట్టరు. మన క్రైస్తవులకు వేలూరు ఎట్లును పుట్టినిల్లువంటిది. మోకాళ్ళ నొప్పులకు అంత దూరము పోవుచున్నాము. అక్కడ పిల్లల మానసిక వైద్య విభాగము కూడ ఉన్నదని ఎందరికి తెలియును?

ఇక చట్టము సంగతి. మన క్రైస్తవ కుటుంబములకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఉన్నది కాబట్టి దీనిమీద కొంచెము ఎక్కువ సమయము తీసికొనెదము. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తించునది. మనకు దత్తత చట్టము లేదు. అందరికి వర్తించునట్లు 1972లో ఒక బిల్లు, 1980లో ఒక బిల్లు పార్లమెంటుకు వచ్చినవి గాని చట్టములు కాలేదు. మన పెద్దలు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము క్రింద కోర్టుకు పోయి సంరక్షకులుగా నియమింపబడి పిల్లలను పెంచారు. అనేకులు కోర్టుకు కూడ పోలేదు. బాప్తిస్మపు రిజిష్టరులో తలిదండ్రులుగా పేర్లు వ్రాయించుకొని, అదే చాలుననుకొన్నారు. కోర్టు ఇచ్చిన సంరక్షకత్వమైనను బిడ్డకు మైనారిటీ తీరగానే తీరిపోవును. చట్టము దృష్టిలో ఆ బిడ్డ ఆ ఇంటివాడు కాడు.

2000 నాటి బాల న్యాయ చట్టము, దానికి 2006లో వచ్చిన సవరణ, మతముతో నిమిత్తము లేకుండ దారి తెరచినవి. 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు షబ్నం హష్మీ కేసులో, ఏ మతమువారైనను ఆ చట్టము క్రింద దత్తత తీసికొనవచ్చునని తేల్చి చెప్పినది. ఇప్పుడు అమలులో ఉన్నది 2015 నాటి చట్టము. దాని ప్రకారము దత్తత బిడ్డ అన్ని విధముల ఆ తలిదండ్రుల బిడ్డయే, ఆస్తి హక్కుతో సహా. 2022 సెప్టెంబరునుండి ఉత్తర్వులను కోర్టుకు బదులు జిల్లా మేజిస్ట్రేటు, అనగా కలెక్టరుగారు, ఇచ్చుచున్నారు. ఆ ఉత్తర్వును పట్టుకొని పుట్టిన తేదీ పత్రము తీసికొనుట ఆలస్యము చేయరాదు. అందులో దత్తత తలిదండ్రుల పేర్లే తలిదండ్రులుగా ఉండును. బడిలో చేర్చుటకు, ఆధారుకు, పాస్‌పోర్టుకు అదియే ఆధారము.

అయితే పాత పద్ధతిలో పెరిగినవారి సంగతి ఏమి? వారు నేడు ముప్పది, నలుబది, ఏబది ఏండ్లవారు. మన గాయక బృందములో ఉన్నారు, పాస్టరేటు కమిటీలలో ఉన్నారు. పెంచిన తండ్రి వీలునామా వ్రాయకుండ మరణించినట్లయితే, 1925 నాటి భారతీయ వారసత్వ చట్టము క్రింద ఆస్తి భార్యకు, రక్తబంధువులకు పోవును. భూస్థాపన కూటములో శవపేటిక మోసిన అన్నదమ్ముల కుమారులే, నలుబదియవ దినపు కూటము నాటికి పట్టాదారు పాసుపుస్తకము అడుగుటకు వస్తారు. "నువ్వు ఎవరివిరా?" అన్న మాట ఆ దినమున మొదటిసారి పడును. కాబట్టి ఇటువంటి బిడ్డను పెంచిన వృద్ధులకు మా మనవి ఒక్కటే. ఈ నెలలోనే వీలునామా వ్రాయండి. క్రైస్తవుడు తన ఆస్తిని తన ఇష్టప్రకారము వ్రాయవచ్చును. ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. రిజిష్టరు చేయించుట తప్పనిసరి కాదు, చేయించుట మంచిది. "అయ్యగారూ, అప్పుడే చావును గూర్చి ఎందుకండీ" అని ఒక పెద్దాయన మాతో అన్నారు. వీలునామా చావును గూర్చినది కాదు, ఆ బిడ్డ బ్రతుకును గూర్చినది అని చెప్పి, సాక్షులుగా ఇద్దరు సంఘ పెద్దలను మేమే వెంటబెట్టుకొని పోయాము.

మన తెలుగు ఇండ్లలో మరియొక రకపు దత్తత ఉన్నది. అక్క బిడ్డను చెల్లెలు, అన్న బిడ్డను తమ్ముడు పెంచుకొనుట. ఇది మనకు ఎంత సహజమనగా, దీనికి సహాయము అవసరమని ఎవరికిని తోచదు. నిజమునకు ఇక్కడనే చిక్కు ఎక్కువ. కన్నతల్లి ప్రతి పండుగకు ఇంటికి వచ్చును, బిడ్డ ఆమెను పెద్దమ్మా అని పిలుచును, ఆమె కండ్లు తుడుచుకొనును. బంధువులందరికి తెలిసిన రహస్యము, తెలియనివాడు ఆ బిడ్డ ఒక్కడే. పెండ్లి పందిటిలో ఎవరో ఒక ముసలమ్మ, "అదిగోరా మీ అమ్మ" అని చెప్పివేయును. ఇటువంటి దత్తతకు కూడ నేటి చట్టములో చోటు ఉన్నది. పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, తాత, అవ్వ, వీరు బంధువులుగా దత్తత తీసికొని ఉత్తర్వు పొందవచ్చును. కాగితము పని పూర్తిచేసికొనండి, బిడ్డకు సంగతి మీరే చెప్పండి.

ఎప్పుడు చెప్పవలెనన్న ప్రశ్న అందరు అడుగుదురు. పెద్దవాడైన తరువాత, పదవ తరగతి పరీక్షలైన తరువాత, ఉద్యోగము వచ్చిన తరువాత అని వాయిదా వేస్తారు. ఈ విషయములో పనిచేయువారు అందరు చెప్పుమాట, బిడ్డకు మాటలు వచ్చు ఈడులోనే మొదలుపెట్టవలెనని. ఒక దినమున కూర్చుండబెట్టి తలుపు మూసి చెప్పు రహస్యము కాదది. నిద్రపుచ్చునప్పుడు చెప్పు కథవలె, "నీకోసము మేము రైలెక్కి వచ్చినాము, నువ్వు పచ్చ గౌను తొడుగుకొని ఉన్నావు" అని మొదలై, బిడ్డ ఎదిగినకొలది తానును ఎదుగవలసిన సంభాషణ. అడిగినంతకు జవాబు చెప్పండి. అబద్ధము మాత్రము వద్దు. కన్నతల్లిని చెడ్డది అనవద్దు. ఆమెను గూర్చి మనకు తెలిసినది బహు తక్కువ. బిడ్డను అప్పగించు తల్లి బాలల సంక్షేమ సమితి ఎదుట సంతకము చేయవలెను, మనసు మార్చుకొనుటకు ఆమెకు రెండు నెలల గడువు ఉండును. ఆ రెండు నెలలు ఆమె ఎట్లు గడపినదో మనకు తెలియదు గదా.

పదునెనిమిదేండ్లు నిండిన తరువాత తన మూలములను గూర్చి తెలిసికొనుటకు బిడ్డ స్వయముగా అర్జీ పెట్టుకొనవచ్చును. అంతకు ముందైతే తలిదండ్రులతో కలిసి పెట్టుకొనవలెను. కన్నవారి గోప్యతకు భంగము కలుగకుండ మాత్రమే వివరములు ఇస్తారు. బిడ్డ ఆ అర్జీ పెట్టుకొనుట పెంచినవారిని త్రోసివేయుట కాదు. ఈ సంగతి ముందుగా తెలిసి ఉన్న తండ్రి ఆ దినమున కుప్పకూలిపోడు. తెలియని తండ్రులు, "ఇంత చేసినా" అని అన్నము మానివేసిన సందర్భములు మాకు తెలియును.

ఆడపిల్ల విషయములో పెండ్లి సంబంధము మరియొక గండము. అవతలివారికి ఎప్పుడు చెప్పవలెను, చెప్పితే తప్పిపోవునేమో, చెప్పకపోతే తరువాత ఏమగునో అని ఆ తలిదండ్రులు నిద్రపోరు. ఇందులో సిగ్గుపడవలసిన మాట ఒకటి ఉన్నది. "ఏ కులపు పిల్లో" అని ఆరా తీయువారిలో ప్రతి ఆదివారము బల్ల దగ్గర మోకరించువారును ఉన్నారు. వారి పేర్లు చెప్పము గాని, చెప్పకుండ దాటిపోలేకున్నాము. మా సలహా ఏమనగా, మాట ఖాయము కాకముందే, మధ్యవర్తి ద్వారా కాక తలిదండ్రులే సూటిగా చెప్పుట మంచిది. దానికి వెనుకంజ వేయువారు వేసిపోవుటే ఆ పిల్లకు క్షేమము.

చట్టప్రకారము కాక, ఆసుపత్రిలో ఎవరిద్వారానో బిడ్డను తెచ్చుకొన్నవారు కూడ ఉన్నారు. ఆ మార్గము నేరము. అట్లు ఇచ్చినవారికి, తీసికొన్నవారికి మూడు సంవత్సరముల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండును ఉండవచ్చును. అమ్మకము, కొనుగోలు అయితే అయిదు సంవత్సరముల వరకు. 1999లోను, 2001లోను లంబాడా తండాల పసిపిల్లల విషయమై మన రాష్ట్రములో జరిగిన గొడవలు పెద్దలకు జ్ఞాపకము ఉండును. శిక్ష మాట అటుంచి, అట్టి ఇంటికి ఏ సహాయమునకును పోవుటకు ధైర్యము చాలదు. డాక్టరుకు నిజము చెప్పలేరు, బడిలో చెప్పలేరు, బిడ్డకే చెప్పలేరు. ఎవరైనా ఇటువంటి బేరము తెచ్చినచో వెంటనే నిరాకరించండి. విడిచిపెట్టబడిన బిడ్డ కనబడితే 1098కి ఫోను చేయండి. ఇప్పటికే చిక్కులో ఉన్నవారు లాయరును కలియుట మంచిది, దాచుకొన్నకొలది చిక్కు పెరుగును.

సంఘముగా మనము చేయవలసినది ఏమిటని అడుగుదురు. మొదట కొన్ని పనులు మానవలెను. బిడ్డ వినుచుండగా "పుణ్యము కట్టుకొన్నారమ్మా" అనకండి. ఆ మాటతో బిడ్డ తాను ఒక ధర్మకార్యమునని నేర్చుకొనును. "పోలిక ఎవరిదో" అనకండి. తరువాత కడుపున బిడ్డ పుట్టితే "ఇప్పుడు సొంత బిడ్డ వచ్చినాడు" అనకండి. వేదికమీదనుండి "మన దత్తపుత్రుడు" అని పరిచయము చేయకండి. మా గురువులకు కూడ ఇది చెప్పుచున్నాము. దత్తపుత్రాత్మను గూర్చి ప్రసంగించునప్పుడు ముందు వరుసలో కూర్చున్న బిడ్డవైపు చేయి చూపవద్దు.

చేయవలసినవి పెద్దవి కావు. పసిబిడ్డను కన్న ఇంటికి నెలరోజులు అన్నము, పత్యము పంపుతాము గదా. అయిదేండ్ల బిడ్డను తెచ్చుకొన్న ఇంటికి కూడ కొన్ని దినములు కూర పంపండి, ఆ తల్లియు నిద్రలేకనే ఉన్నది. మొదటి నెలలలో బిడ్డను ఒడినుండి ఒడికి మార్చవద్దు, తలిదండ్రుల దగ్గరనే ఉండనీయండి. సండే స్కూలు టీచర్లు వంశవృక్షము గీయించుటకు ముందు ఒక నిమిషము ఆలోచించండి. అన్నిటికంటె మిన్న, దత్తత తీసికొన్నవారికి దత్తత తీసికొన్నవారే మంచి తోడు. పది సంవత్సరములు ముందు నడచిన తల్లి చెప్పు మాట ఏ డాక్టరును చెప్పలేడు. రెండు మూడు పాస్టరేటులకు కలిపి, మూడు నెలలకొకసారి, ఎవరి ఇంటనైనా వారు కలిసికొనవచ్చును. ఉపన్యాసములు అక్కరలేదు, టీ చాలును. పిల్లలు ఆడుకొంటారు, తమవంటివారు ఇంకను ఉన్నారని ఎవరును చెప్పకుండనే చూస్తారు.

మధ్యాహ్న భోజనముల తరువాత, ఈ హాలు వెనుకనున్న సండే స్కూలు గదిలో మేమును పాస్టరమ్మగారును ఉంటాము. జిల్లాల వారీగా ఆఫీసుల చిరునామాలు, వీలునామా నమూనా అక్కడ ఉంచాము. దత్తత తీసికొన్నవారు, తీసికొనదలచినవారు, పెంపకమున పెరిగినవారు ఎవరైనను రావచ్చును. పేర్లు వ్రాసికొనము. గదికి రెండవ తలుపు తోటవైపు ఉన్నది, అదియు తెరచియే ఉంచుతాము.